అలైన్‌మెంట్ సరే, ముందు రోడ్డు ఎటు వాలిందో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ వాహనాల పేజీలో పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చే చోట మొన్న ఒకాయన అడిగారు. పెద్ద పికప్ ట్రక్ కొన్నాను, చిన్న రోడ్ల మీద బాగానే ఉంటోంది, హైవే ఎక్కితే చాలు ఒక పక్కకి లాగేస్తోంది, ఏం చెయ్యమంటారు అని. మీవాళ్లు రెండు ముక్కల్లో తేల్చేశారు, వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సర్దడం) చేయించండి, టైర్లలో గాలి చూసుకోండి అని. తప్పు చెప్పారని అనను. కానీ ఆ రెండు ముక్కలే నమ్ముకుని నేను మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాను కాబట్టి, ఆ మూడుసార్లూ బండి అలాగే లాగింది కాబట్టి, ఈ ఉత్తరం కొంచెం పొడుగే అయినా ఓపిక పట్టి చదవండి. స్థలం చాలకపోతే ఎంత కావాలంటే అంత కోసుకోండి, క్యాస్టర్ అనే ముందు చక్రాల ఏర్పాటు గురించి రాసింది మాత్రం కొయ్యకండి.

నాదీ అలాంటి బండే. ఖాళీగా ఉన్నా 3 టన్నులు దాటుతుంది, నేనూ పనిముట్లూ డీజిలూ కలిపితే మూడున్నర టన్నులు తూగుతుంది. ముందూ వెనకా కూడా ఒకే గట్టి ఇరుసు, వెనక కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు. అంతకుముందు చాలా ఏళ్లు చిన్న కారు నడిపినవాణ్ణి, అందులో ఒక వేలితో స్టీరింగ్ పట్టుకుని గంటలు గంటలు పోయేవాణ్ణి. ఇందులో గంట నడిపేసరికి ఒక భుజం పట్టేసేది. ఒకటే భుజం, ఎప్పుడూ అదే. చెయ్యి కాస్త వదులు చేస్తే చాలు బండి మెల్లగా రోడ్డు అంచు వైపు జారుకునేది. మొదటిసారి అలైన్‌మెంట్ చేసిన కుర్రాడు రిపోర్టు కాగితం చేతిలో పెట్టి, అన్నీ పచ్చగానే ఉన్నాయి సార్ అన్నాడు. నిజంగానే అన్ని గడులూ పచ్చగా ఉన్నాయి, అంటే కొలతలన్నీ హద్దుల్లోనే ఉన్నట్టు. రెండోసారి వేరే చోటికి వెళ్లాను, అక్కడా పచ్చగానే వచ్చాయి. మూడోసారి చేసినాయన టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కొంచెం సర్ది, ఇప్పుడు చూడండి అన్నాడు. చూశాను. స్టీరింగ్ అంతకుముందు తిన్నగా ఉండేది, ఇప్పుడు వంకరగా వచ్చింది, బండి మాత్రం అంచు వైపే పోతోంది.

అసలు సంగతి నాకు తెలిసింది ఏ మెకానిక్ వల్లా కాదు. ఒకరోజు హైవేలో మేం వెళ్లే వైపు తారు వేస్తున్నారని, డ్రమ్ములు అడ్డం పెట్టి మమ్మల్నందరినీ డివైడర్ దాటించి ఎదురు వచ్చేవాళ్ల రోడ్డు మీదికి మళ్లించారు. అలా ఒక పది నిమిషాలు నడిపానేమో. ఆ పది నిమిషాలూ బండి రెండో పక్కకి లాగింది! అదే బండి, అవే టైర్లు, అదే గాలి, అదే నేను. మళ్లీ మా రోడ్డులోకి రాగానే మళ్లీ పాత పక్కకే. అలైన్‌మెంట్ తప్పయితే రోడ్డు మారినప్పుడల్లా అది పక్క మార్చుకోదు కదా. మూడుసార్లు డబ్బు కట్టినవాడికి ఇంత చిన్న సంగతి తట్టనందుకు నా మీద నాకే నవ్వొచ్చింది.

తర్వాత ఒకరోజు తెల్లవారుజామున, బళ్లు లేని ఒక పాత రోడ్డు ముక్క మీద, తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటీ, 2 మీటర్ల పొడుగున్న తిన్నటి అల్యూమినియం బద్ద ఒకటీ పట్టుకెళ్లి రోడ్డుకి అడ్డంగా పెట్టి చూశాను. రోడ్డు అంచు వైపున్న బద్ద కొసని పైకి లేపుతూ పోతే బుడగ మధ్యకి వచ్చేసరికి ఆ కొస కింద 4 సెంటీమీటర్ల సందు తేలింది. అంటే మీటరుకి 2 సెంటీమీటర్లు, నూటికి రెండు పాళ్ల వాలు. కంటికి ఏమీ కనపడదు, రోడ్డు చదునుగా పలకలా ఉన్నట్టే ఉంటుంది. కానీ మూడున్నర మీటర్ల వెడల్పున్న ఒక లేన్‌లో ఈ అంచుకీ ఆ అంచుకీ తేడా 7 సెంటీమీటర్లు, అంటే దాదాపు నాలుగు వేళ్ల మందం.

ఇది రోడ్డు వేసినవాళ్ల పొరపాటు కాదు, కావాలనే అలా వేస్తారు. తారు రోడ్లకి మామూలుగా నూటికి ఒకటిన్నర నుంచి రెండు వరకూ, వానలు గట్టిగా పడేచోట ఇంకొంచెం ఎక్కువగా అడ్డవాలు పెడతారు, లేకపోతే నీళ్లు నిలిచి టైర్లు నీళ్ల మీద తేలిపోతాయి, బ్రేకు కొట్టినా బండి ఆగదు. రెండు వైపులా బళ్లు నడిచే ఒంటి రోడ్డు అయితే మధ్యలో మిట్ట, రెండు పక్కలకీ వాలు. డివైడర్ ఉన్న హైవేల్లో చాలాచోట్ల ఒక్కో వైపు రోడ్డు మొత్తం బయటి అంచుకే వాలుతుంది. అందుకే ఎడమ పక్క నడిపే దేశాల్లో బళ్లు ఎడమకీ, కుడి పక్క నడిపే దేశాల్లో కుడికీ జారతాయి. డివైడర్ అవతలికి మళ్లించినప్పుడు నా బండి పక్క మార్చుకోవడానికీ కారణం ఇదే. ఈ వాలు ఎంత ఉండాలనే గొడవ కూడా ఇప్పటిది కాదు. 200 ఏళ్ల కిందట కంకర రోడ్లకి పేరు తెచ్చిన స్కాట్లండ్ ఇంజనీరు జాన్ మెకాడమ్ దీని మీద గట్టిగానే వాదించాడు. అప్పటి రోడ్లు మధ్యలో బాగా మిట్టగా ఉండేవి, ఒరిగిపోతామన్న భయంతో గుర్రబ్బళ్లన్నీ నట్టనడుమే నడిచేవి, ఆ ఒక్క చోటే రోడ్డు గుంటలు పడేది. 30 అడుగుల వెడల్పు రోడ్డుకి మధ్యలో 3 అంగుళాల ఎత్తు చాలు అన్నాడాయన. లెక్క కట్టి చూడండి, నూటికి ఒకటీ ముప్పావుకి కాస్త తక్కువ వస్తుంది. ఇప్పుడు మనం నడుపుతున్న వాలు కూడా దాదాపు అంతే.

సరే, నూటికి రెండు అంటే ఏపాటిదని అనుకుంటాం. మూడున్నర టన్నుల బండికి నూటికి రెండు అంటే 70 కిలోలు. ఒక మనిషి బండి పక్కన ఆగకుండా పరిగెడుతూ, తన బరువంతా వేసి అంచు వైపు నెడుతున్నట్టు అనుకోండి. గంట నడిపితే గంటా నెడుతూనే ఉంటాడు. ఆ తోపుని తట్టుకోవాలంటే టైర్లు కొంచెం ఎగువకి తిరిగి దొర్లాలి, వేరే దారి లేదు. ఏరు దాటే పడవవాడు ముక్కుని కాస్త ఎగువకి పెట్టి తెడ్డు వేసినట్టు, వాలు రోడ్డు మీద తిన్నగా పోతున్నట్టు కనపడే ప్రతి బండీ నిజానికి కాస్త ఎగువకి మొహం పెట్టి, కాస్త ఏటవాలుగానే పోతోంది. ఆ ఏటవాలు డిగ్రీలో ఐదో వంతు కూడా ఉండకపోవచ్చు, చూస్తే తెలియదు, మన చేతికి తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది చెప్పే మాట ఒకటుంది, బండి బరువు కదా అందుకే ఎక్కువ లాగుతుంది అని. ఇది సగమే నిజం. బరువు పెరిగితే పక్కకి తోసే బలం పెరుగుతుంది, కానీ టైర్ల మీద పడే బరువూ అంతే పెరుగుతుంది, వాటి పట్టూ దాదాపు దాంతో పాటే పెరుగుతుంది. అంటే బరువొక్కటే లెక్క అయితే చిన్న కారు ఎంత జారుతుందో ఇదీ అంతే జారాలి. మరి భుజం ఎందుకు పట్టేస్తోంది? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

జవాబు క్యాస్టర్‌లో ఉంది. ఆఫీసు కుర్చీల కింద, సామాన్లు తోసే ట్రాలీల కింద గిరగిరా తిరిగే చిన్న చక్రాలు ఉంటాయి చూడండి. చక్రం నేలకి ఆనే చోటు, అది తిరిగే మేకు కంటే కొంచెం వెనకపడి ఉంటుంది. అందుకే ట్రాలీని ఎటు తోస్తే చక్రం అటు తిరిగి, వెనకే తోకలా వస్తుంది. బండి ముందు చక్రాల్లోనూ ఇదే ఏర్పాటు ఉంది. చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీతని పైకొస దగ్గర వెనక్కి వాల్చి పెడతారు, ఆ వాలే క్యాస్టర్. టైరు మధ్య నుంచి నేలకి 40 సెంటీమీటర్లు, క్యాస్టర్ 4 డిగ్రీలు అనుకుంటే, ఆ గీత నేలని తాకే చోటు టైరు ఆనే చోటు కంటే దాదాపు 3 సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలేస్తే దానంతట అదే మధ్యకి వచ్చేది చాలావరకూ ఈ 3 సెంటీమీటర్ల వల్లే, తిన్నటి రోడ్డు మీద బండి నిలకడగా పోయేదీ దీనివల్లే.

ఇప్పుడు ఆ ట్రాలీని అడ్డంగా వాలిన నేల మీద తోయండి. ఏమవుతుంది? చక్రాలు పల్లం వైపు మొహం తిప్పేస్తాయి. బండికీ అదే అవుతుంది. బండి బరువు కిందికి జారబోతుంది, టైరు నేలని పట్టుకుని ఎగువకి ఆపుతుంది, ఆ ఆపే బలం పడేది తిరిగే గీతకి 3 సెంటీమీటర్ల వెనక. చక్రం వెనక భాగాన్ని ఎగువకి నెడితే ముందు భాగం ఎటు తిరుగుతుంది, పల్లానికే కదా. అంటే చదును రోడ్డు మీద బండిని తిన్నగా ఉంచే ఏర్పాటే వాలు రోడ్డు మీద స్టీరింగ్‌ని పల్లానికి తిప్పుతోంది. క్యాస్టర్ ఎక్కువ ఉన్న బండి చదునులో ఎంత బుద్ధిమంతురాలో వాలులో అంత మొండిది. బరువులు లాగడానికని చేసిన పెద్ద బళ్లకి వేగంలో ఊగకుండా ఉండాలని క్యాస్టర్ ధారాళంగానే ఇస్తారు.

దీనికి తోడు ఇంకోటి. వెనక తొట్టిలో సామాను వేస్తే వెనక దిగుతుంది, ముందు లేస్తుంది, బండి మొత్తం వెనక్కి వాలుతుంది, దాంతో పాటు ఆ గీత కూడా. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 4 మీటర్లు ఉండి, వెనక 8 సెంటీమీటర్లు దిగిందనుకోండి, క్యాస్టర్ ఒక డిగ్రీ పైన పెరిగిపోతుంది. అలైన్‌మెంట్ మాత్రం ఖాళీ బండికి చేయించుకున్నాం! సామాను వేసిన రోజున స్టీరింగ్ బరువెక్కి, అంచు వైపు ఇంకాస్త గట్టిగా లాగితే ఆ రిపోర్టు కాగితం తప్పు కాదు, అది కొలిచిన బండి వేరు, ఇప్పుడు మీరు నడుపుతున్న బండి వేరు. ఎప్పుడూ సరుకు వేసుకునే తిరిగేవాళ్లు ఆ సరుకుతోనే అలైన్‌మెంట్ చేయించుకోవాలని నా అభిప్రాయం, చేసేవాళ్లు ఒప్పుకుంటే.

మరి కార్లలో ఇంత తెలియదేం అంటే, ఇప్పటి చాలా కార్లలో ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉంటోంది. వాటిలో కొన్నిట్లో, మీరు అదే పనిగా ఒక పక్కకి కొంచెం బలం పెడుతున్నారని కంప్యూటర్ గమనించి ఆ కొంచాన్నీ మోటారుతో తనే మోసేస్తుంది. వాలు అలాగే ఉంటుంది, మన చేతి దాకా రాదు. నా బండిది నూనె పీడనంతో పనిచేసే పాత తరహా స్టీరింగ్ బాక్సు. అది సాయం చేస్తుందే తప్ప మన బదులు ఆలోచించదు. పైగా ఆ బాక్సులో మధ్యలో కాస్త ఆట ఉంటుంది, చక్రం కదలకుండానే స్టీరింగ్ వేలెడు అటూ ఇటూ తిరుగుతుంది. వాలు రోడ్డు మీద ఆ ఆట అంతా ఒక పక్కకే వాలిపోయి కూర్చుంటుంది, మనం దాన్ని దాటించి పట్టుకోవాలి.

సరే, అలైన్‌మెంట్‌తో ఏమీ కాదా అంటే, అవుతుంది, కానీ ఏది చేస్తే ఏమవుతుందో తెలిసి చేయించుకోవాలి. టో సర్దితే లాగడం పోదు. ముందు రెండు చక్రాల టో ఎంత ఉన్నా నడిచేటప్పుడు అవి రెండూ పంచుకుంటాయి, స్టీరింగ్ వంకరగా వస్తుందంతే, టైర్లు అరుగుతాయంతే, నాకు జరిగింది సరిగ్గా అదే. పక్కకి లాగించేవి రెండు చక్రాల మధ్య క్యాస్టర్ తేడా, క్యాంబర్ తేడా. క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకి బండి లాగుతుంది, క్యాంబర్ ఎక్కువ ఉన్న పక్కకి, అంటే చక్రం పైభాగం బయటికి ఎక్కువ వాలిన పక్కకి లాగుతుంది. (రోడ్డు వాలునీ క్యాంబర్ అనే అంటారు, చక్రం వాలునీ క్యాంబర్ అనే అంటారు. షాపులో నేను రోడ్డు గురించి మాట్లాడుతుంటే ఆయన చక్రం గురించి జవాబు చెబుతూ ఒక పావుగంట గడిచింది.) అందుకని తెలిసినవాళ్లు అంచు వైపు చక్రానికి క్యాస్టర్ ఒక అర డిగ్రీ ఎక్కువ పెడతారు, బండి తనంతట తను కొంచెం మధ్యకి లాగుతుంది, రోడ్డు కొంచెం అంచుకి లాగుతుంది, రెండూ చెల్లుకి చెల్లు. కొత్త బళ్లలో కొన్నిటికి కంపెనీ ఇచ్చే కొలతల్లోనే ఈ తేడా ఉంటుంది. గట్టి ఇరుసు బళ్లలో ఇది అంత తేలిక కాదు. ఇరుసు మొత్తం ఒకటే ముక్క, తిప్పితే రెండు పక్కలా కలిసే తిరుగుతుంది, ఒక్క పక్క మార్చాలంటే చక్రం తిరిగే కీలు, అంటే బాల్ జాయింట్ దగ్గర, రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి తొలిచిన బుష్ తెప్పించి వెయ్యాలి. ఆ పని చెయ్యడం ఇష్టం లేకే చాలాచోట్ల టో సర్ది పంపించేస్తారని నా అనుమానం. అనుమానమే, ఎవరినీ నిందించడం లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇలా రోడ్డుకి తగ్గట్టు సర్దించుకున్న బండి చదునులో మధ్య వైపు లాగుతుంది, మిట్టకి అవతలి లేన్‌లో ఇంకా ఎక్కువ లాగుతుంది. పోయే రోడ్లన్నీ ఒకే వాలులో ఉండవు కదా. అందుకే వాలుని పూర్తిగా కొట్టేసేంత సర్దుబాటు అడగొద్దు.

ఇంత చెప్పాను కాబట్టి ప్రతి లాగుడూ రోడ్డు మీదికి తోసేస్తున్నానని అనుకోకండి. ఎందుకంటే రోడ్డు సంగతి తెలిసి పొంగిపోయిన నేను, ఆ తర్వాత ఒకరోజు పెద్ద ఖాళీ మైదానంలో, రసమట్టం పెట్టి చూసి మరీ, రెండు దిక్కులా నడిపి చూస్తే అక్కడ కూడా బండి కాస్త, హైవేలో అంచు ఉండే పక్కకే తిరిగింది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ బండికి అదే పక్క. అంటే రోడ్డూ దొంగే, నా బండీ దొంగే, ఇద్దరూ కలిసి ఒకే పక్కకి లాగుతున్నారు.

ముందు టైర్లు అనుమానించాను. కొన్ని టైర్లు తయారీలోనే ఒక పక్క కొంచెం సన్నంగా, గరాటులా వస్తాయి, కంటికి కనపడదు, పేపరు గ్లాసుని పక్కకి పడుకోబెట్టి దొర్లిస్తే గుండ్రంగా తిరిగినట్టు అవి ఒక పక్కకి దొర్లాలని చూస్తాయి. దీనికి పరీక్ష చాలా తేలిక, ముందు రెండు టైర్లనీ చక్రాలతో సహా అటుది ఇటు, ఇటుది అటు మార్చి నడపడమే, ఒకే దిక్కున తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లు కాకపోతే. లాగే పక్క మారిందంటే దోషం టైరుదే. నాకు మారలేదు. గాలి సరిగ్గానే ఉంది. చెప్పడం మర్చిపోయాను, ఈ బళ్ల టైర్లలో గాలి 60, 70, కొన్నిట్లో 80 పౌండ్ల దాకా ఉంటుంది, చిన్న కారు లెక్కన చూస్తే 5 పౌండ్ల తేడా కంటికి అసలు దొరకదు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజీ పెట్టి చూడాల్సిందే. గాలి తక్కువైన పక్కకి బండి పోతుంది, ఇదొక్కటి మాత్రం అందరికీ తెలిసిందే.

బ్రేకు చూశాను. అరగంట నడిపి, బ్రేకు పెద్దగా కొట్టకుండా ఆపి, చక్రాల దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే, తాకక్కర్లేదు, పట్టేసిన బ్రేకు ఉన్న చక్రం సెగ కొడుతుంది. నాలుగూ ఒకేలా ఉన్నాయి.

చివరికి దొరికింది ఎక్కడంటే, స్టీరింగ్ కడ్డీకి బిగించే, వణుకుని మింగే డ్యాంపర్ దగ్గర. ముందు చక్రాలు గతుకుల్లో వణుకుతున్నాయని రెండేళ్ల కిందట నేనే లావుపాటి గ్యాసు డ్యాంపర్ వేయించాను. అది ఆ వణుకుని ఆపింది, నిజమే. కానీ గ్యాసు నింపిన డ్యాంపర్‌కి ఒక గుణం ఉంది, లోపలి పీడనం వల్ల దాని రాడ్డు ఎప్పుడూ బయటికి రావాలని చూస్తుంది. ఒక కొస బోల్టు విప్పగానే కళ్ల ముందే రాడ్డు మెల్లగా, ఎవరూ ముట్టుకోకుండా, జానెడు బయటికి వచ్చేసింది! నేను రెండు చేతులతో లోపలికి నొక్కితే గానీ పోలేదు, వదిలితే మళ్లీ బయటికి. రెండేళ్లుగా అది నా స్టీరింగ్‌ని అలా ఒక పక్కకి నెడుతూనే ఉందన్నమాట. దాన్ని తీసేసి అదే మైదానంలో నిదానంగా నడిపాను, బండి తిన్నగా పోయింది. అయితే తీసేస్తే వణుకు మళ్లీ బయటపడింది, ఆ వణుక్కి కారణం ఇరుసుని పక్కలకి కదలకుండా పట్టుకునే అడ్డకడ్డీ బుష్ అరిగిపోవడం. అది మార్చి, గ్యాసు లేని మామూలు డ్యాంపర్ వేయించాను. అసలు జబ్బుని దాచడానికి వేసిన మందు ఇంకో జబ్బు తెచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

వెనక ఇరుసు సంగతి నాకు ఎదురవలేదు గానీ ఈ బళ్లలో అదీ చూసుకోవాలి. కమాన్ కట్ట మధ్య బోల్టు విరిగినా, యూ బోల్టులు వదులైనా ఇరుసు ఒక పక్క కాస్త వెనక్కి జరుగుతుంది, బండి కుక్క నడకలా పక్కవాటుగా పోతుంది. తేడా కనిపెట్టడం ఇలాగ: స్టీరింగ్ వంకరగా పట్టుకుంటే చేతికి బలం ఏమీ తెలియకుండా బండి తిన్నగా పోతుంటే అది వెనక ఇరుసో, టో సర్దుబాటో. స్టీరింగ్ తిన్నగా ఉండి, చెయ్యి వదులు చేస్తే బండి పక్కకి పోతుంటే అది రోడ్డో, టైరో, క్యాస్టరో, బ్రేకో. బ్రేకు కొట్టినప్పుడు మాత్రమే లాగితే అది బ్రేకే. చాలామంది షాపుకి వెళ్లి ఈ మూడిట్నీ ఒకే మాటలో, బండి లాగుతోంది, అని చెబుతారు, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

వెనక జంట టైర్లున్న బళ్లకీ, ట్రైలర్ లాగేవాళ్లకీ ఇంకో బాధ ఉంది. లారీలు నడిచీ నడిచీ రోడ్డు మీద చాళ్లు పడతాయి, వెడల్పు టైర్లు ఆ చాళ్ల గోడలు ఎక్కుతూ దిగుతూ బండిని తమ ఇష్టం వచ్చినట్టు లాగుతాయి, అది ఒకే పక్కకి ఉండదు, క్షణానికోసారి మారుతుంది, దానికి అలైన్‌మెంట్ మందు కాదు. జంటలో లోపలి టైరులో గాలి చూసేవాళ్లు చాలా తక్కువ, వాల్వు అందదని వదిలేస్తారు. ట్రైలర్ కూడా వాలుకి తను వేరుగా జారుతూ బండి తోకని పల్లానికి లాగుతుంది, బరువు దాని వెనక భాగంలో ఎక్కువ వేస్తే లాగడంతో ఆగదు, ఊగిపోతుంది.

ఇప్పుడు నా బండి ఎలా ఉందంటే, వాలు రోడ్డు మీద ఇంకా అంచు వైపే జారుతుంది. బొటనవేలు బరువంత పట్టుకుంటే తిన్నగా పోతుంది, భుజం పట్టెయ్యడం పోయింది. అంతకంటే తగ్గించమని ఎవరినీ అడగలేదు, అడగను కూడా.

మీ పాఠకుడికి జవాబు మళ్లీ వేస్తారో లేదో తెలియదు. వేస్తే ఆయన్ని ముందు బళ్లు లేని చదును నేల మీద రెండు దిక్కులా నడిపి చూడమనండి, చేతులు పూర్తిగా వదిలెయ్యకుండా, స్టీరింగ్ చుట్టూ వేళ్లు వదులుగా ఉంచి. అలాంటి చోటు దొరక్కపోతే వాలు ఎదురు పక్కకి ఉన్న లేన్ ఒకటి వెతుక్కోమనండి, కొన్ని హైవేల్లో లోపలి లేన్ డివైడర్ వైపు వాలి ఉంటుంది. ఆయన ప్రశ్న నేను మళ్లీ తీసి చదివాను, బండి ఏ పక్కకి లాగుతోందో ఆయన రాయలేదు, మీవాళ్లూ అడగలేదు. అది పల్లానికి అయితే కంగారు లేదు, తీరిగ్గా ఒక్కొక్కటీ చూసుకోవచ్చు. అలా కాకుండా రోడ్డు అంచుకి వాలి ఉంటే బండి మధ్యకి లాగుతోందంటే మాత్రం ఆయన ఆ బండిని రేపే చూపించుకోవాలి, ఎందుకంటే వాలు నెట్టే ఆ 70 కిలోల్ని కూడా ఓడించి ఎదురెక్కుతోందంటే లోపల ఉన్న దోషం చేతికి తెలుస్తున్న దానికంటే చాలా పెద్దది.

ఇట్లు,
మీ పత్రిక వాహనాల పేజీ వదలకుండా చదివే ఒక పికప్ డ్రైవరు